ఎవరి సమతుల్యత? కలివికోడి, గరుసు గుంతలు, మేకల వెంట నడిచే ఆడవాళ్లు

పోయిన చలికాలంలో కడప జిల్లాలోని ఒక మండల కేంద్రంలో జరిగిన సమావేశానికి నన్ను పిలిచారు. గరుసు తవ్వకాలకూ పక్షి ఆవాస రక్షణకూ మధ్య సమతుల్యత ఎలా సాధించాలన్నది అక్కడి చర్చనీయాంశం. గనుల వైపు నుంచి ఒక అధికారి, అడవి వైపు నుంచి మరో అధికారి, లీజుదారుల తరఫున ఒకాయన, పక్షుల గురించి నిజంగానే బాగా తెలిసిన ఒక యువ శాస్త్రజ్ఞుడు, 'పౌరసమాజం' పేరున నేనూ వేదిక మీద కూర్చున్నాం. హాలు వెనక వరుసల్లో పొదుపు సంఘాల ఆడవాళ్లను కూర్చోబెట్టారు. వాళ్లకు టిఫిన్ పెట్టి రిజిస్టరులో సంతకాలు తీసుకున్నారు. రెండు గంటల పాటు గరుసు గురించీ, పక్షి గురించీ మాట్లాడుకున్నాం. వందన సమర్పణకు ముందు వెనక నుంచి ఒకామె లేచింది. "మేము కట్టెపుల్లకు పోతే కేసు రాస్తారే, టిప్పరు పోతే పర్మిటు రాస్తారా సార్?" అంది. హాల్లో నవ్వులు. ఆ విషయం విడిగా మాట్లాడదామన్నారు అధ్యక్షులు. నేను కూడా ఏమీ మాట్లాడలేదు. ఆ మౌనం గురించే ఈ వ్యాసం రాస్తున్నాను.

ముందు పక్షి సంగతి చెప్పాలి. మన పాఠకుల్లో చాలామందికి అది పేరుగా కూడా తెలియకపోవచ్చు. కలివికోడి తూర్పు కనుమల్లో తప్ప ప్రపంచంలో మరెక్కడా లేని పక్షి. పగలంతా తుప్పల కింద దాక్కుని, చీకటి పడ్డాక నేల మీద పరిగెత్తుతూ చెదలూ చీమలూ ఏరుకుని తింటుంది. 1848లో ఇంగ్లీషువాళ్లు దానికి శాస్త్రీయ నామం పెట్టి, జెర్డాన్ అనే సైనిక వైద్యుడి పేరు తగిలించారు. 1900 తర్వాత అది ఎవరికీ కనబడలేదు. అంతరించిపోయిందనే అనుకున్నారు. 1986 జనవరిలో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ వాళ్లు లంకమల కొండల దిగువన మళ్లీ కనుక్కున్నారు. కనుక్కున్నారు అని రాస్తాం గానీ, రాత్రిపూట దాన్ని పట్టి తెచ్చింది స్థానిక వేటగాడు. కలివి పొదల్లో తిరిగే కోడి కాబట్టి కలివికోడి అని పేరు పెట్టి పిలుచుకుంటూనే ఉన్న ఊళ్లవి. ప్రపంచానికి ఎనభై ఆరేళ్లు కనబడని పక్షికి ఆ ఊళ్లలో పేరు చెరిగిపోలేదు. 1988లో అక్కడ శ్రీ లంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది. 2008 తర్వాత మళ్లీ జాడ లేకుండా పోయి, 2025 ఆగస్టులో పక్షి పరిశీలకులు దాని కూతను రికార్డు చేశారు. అంటే అది ఇంకా బతికే ఉంది. ఇది నిజంగా సంతోషించవలసిన విషయం. నేనూ సంతోషించాను.

అది ఎలాంటి చోట బతుకుతుందన్నదే అసలు ప్రశ్న. 2004లో అచ్చయిన పరిశోధన ఒకటి ఈ ప్రశ్నకు చాలా శ్రద్ధగా జవాబు వెతికింది. పక్షి నడిచిన జాడ పడేలా నేల మీద మెత్తటి మట్టి పట్టీలు పరిచి, తెల్లారి పాదముద్రలు చూసి, అక్కడి తుప్పలు లెక్కపెట్టి చేసిన పని అది. మనిషి ఎత్తుకు మించిన తుప్పలు హెక్టారుకు మూడు వందల నుంచి ఏడు వందల దాకా, చిన్న పొదలు వెయ్యి లోపు ఉన్నచోట ఆ పక్షి ఎక్కువగా తిరుగుతుందని తేలింది. కంప బాగా పలచబడినా అది ఉండలేదు. బాగా చిక్కబడి మూసుకుపోయినా ఉండలేదు. మరి ఆ కంప మరీ చిక్కబడకుండా, మరీ పలచబడకుండా ఉంచుతున్నది ఎవరు? పశువుల మేత, కట్టెలు కొట్టడం. ఇదే ఆ శాస్త్రజ్ఞులు గుర్తించింది. మేత మితిమీరితే ఆవాసం పోతుంది, పూర్తిగా ఆగిపోయినా పోతుంది.

ఇప్పుడు దీన్ని సామాజికశాస్త్రం భాషలోకి మార్చి చూడండి. మేకల వెంట ఎవరు నడుస్తారు? కట్టెలమోపు ఎవరి నెత్తిన ఉంటుంది? కలివిపండ్లు, రేగుపండ్లు కోసి గంపలో పెట్టి సంతకు తెచ్చేది ఎవరు? నేను తిరిగిన ఊళ్లలో ఈ పనులు ఎక్కువగా దళిత, యానాది, సుగాలి, వెనుకబడిన కులాల ఆడవాళ్లవి. సొంత పొలం లేనివాళ్లకు ఆ కొండ దిగువే పొలం. ఎండు ప్రాంతాల్లో పేదల జీవనోపాధికి ఉమ్మడి వనరులు ఎంత ముఖ్యమో ఎన్.ఎస్. జోధా 1986లోనే లెక్కగట్టి చూపించారు. అంటే ఒక అరుదైన పక్షి బతకడానికి కావలసిన చోటును తరతరాలుగా తమ పనితో నిలబెట్టినవాళ్లలో ఈ ఆడవాళ్లే ఎక్కువ. ఎవరూ ఆ పనిని పని అనలేదు. ఇంటి చాకిరిని లెక్కలోకి తీసుకోని సమాజం అడవి చాకిరిని మాత్రం ఎందుకు తీసుకుంటుంది? లెక్కలోకి తీసుకోకపోవడంతో ఆగితే కొంత నయం. దాన్నే నేరం చేశారు. 2000 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వుతో అభయారణ్యాల్లోంచి ఎండిన, పడిపోయిన కట్టె, గడ్డి తెచ్చుకోవడం కూడా నిషిద్ధమైంది. ఆ ఉత్తర్వు ఉద్దేశం కలప దొంగల్ని ఆపడం కావచ్చు. కొడవలి లాక్కున్నది మాత్రం ఎవరి చేతిలోంచో మనకు తెలుసు.

ఇక్కడ నా సంగతి కూడా చెప్పుకోవాలి. పి.హెచ్.డి. అయిన కొత్తలో ఒక సంస్థ కోసం నేను ఈ ప్రాంతం మీదే ఒక నివేదిక రాశాను. అందులో 'ఆవాసంపై ఒత్తిళ్లు' అనే అధ్యాయం ఉంది. వంటచెరకు సేకరణ, మేకల మేత అని మొదటి రెండు ఒత్తిళ్లు రాశాను. గరుసు తవ్వకం గురించి ఒక్క వాక్యం. ఎందుకంటే ప్రశ్నావళి పట్టుకుని పగలు తిరిగిన నాకు కట్టెలమోపులు కనబడ్డాయి, రాత్రి తిరిగే టిప్పర్లు కనబడలేదు. స్త్రీవాదినని చెప్పుకునే నేను ఆడవాళ్ల శ్రమను 'ఒత్తిడి' అని రాసి, దానికి కింద గ్రాఫు కూడా గీశాను. మొన్నటి సమావేశంలో పంచిన కాగితాల్లో ఆ అధ్యాయం మాటలు దాదాపు అవే వరుసలో కనబడ్డాయి. రాసినవాళ్ల పేరు లేదు. ఆ పేరు నాదే.

గరుసు ఏం చేస్తుందో చూద్దాం. కొండ దిగువన, అడుగు మందం మట్టి కింద, రాయి చివికి ఏర్పడిన ఎర్రటి గరుసు పొర ఉంటుంది. రోడ్డు కింద పరవడానికీ, కాలువ గట్టుకూ, ఇళ్ల ప్లాట్లు చదును చేయడానికీ అదే కావాలి. జేసీబీ ముందుగా పై మట్టిని తుప్పలతో, విత్తనాలతో, చెదపుట్టలతో సహా పక్కకు తోసేస్తుంది. ఆ తర్వాత పొర మొత్తం ఎత్తుకుపోతుంది. కొడవలితో నరికిన కంప వానలకు మళ్లీ చిగురిస్తుంది. మేక కొరికిన కొమ్మ మళ్లీ వేస్తుంది. గరుసు ఎత్తిన నేల మీద వచ్చేది, వస్తే, సర్కారు తుమ్మ. ఈ రెంటినీ ఒకే పట్టికలో 'ఒత్తిళ్లు' అని పక్కపక్కన రాయడమే అబద్ధం. నేను రాసిన అబద్ధం.

లీజుదారుల తరఫున మాట్లాడినాయన తయారై వచ్చారు. ఇంగ్లండులో వాడి వదిలేసిన గరుసు గుంతల్లో నీళ్లు చేరి అవి పక్షుల నెలవులయ్యాయనీ, మన గుంతలూ అలా మారతాయనీ అన్నారు. ఇంగ్లండు విషయం నిజమే. అక్కడ నదీలోయల్లో, భూగర్భజలం పైకే ఉండే చోట్ల తవ్విన గుంతలవి. వాటిలో చేరేవి నీటిపక్షులు. మనది మెట్ట, మన పక్షి నీటిపక్షి కాదు. గుంతలో బాతు వాలితే తుప్పల్లోని కలివికోడికి ఏం ఒరుగుతుంది? మన దగ్గర గరుసు గుంతలో వానాకాలం నీళ్లు చేరితే ఏమవుతుందో పత్రికలు చదివేవాళ్లందరికీ తెలుసు. గట్టు నిట్టనిలువుగా ఉంటుంది, లోతు తెలియదు. బట్టలు ఉతకబోయిన తల్లి వెంట వెళ్లిన పిల్లలు, మేకను వెతుక్కుంటూ వెళ్లిన పిల్లలు, ఈతకు దిగిన పిల్లలు. మూసివేత ప్రణాళిక కాగితం మీద ఉంటుంది, గుంత నేల మీద ఉంటుంది.

ఉపాధి అన్న మాట కూడా వచ్చింది. ఒకప్పుడు గరుసు తట్టలతో మోసేవాళ్లు, అందులో ఆడవాళ్లే ఎక్కువ. అన్యాయమైన కూలి అయినా కూలి ఉండేది. ఇప్పుడు ఒక యంత్రం, దాన్ని నడిపే ఒక మనిషి, నాలుగు టిప్పర్ల డ్రైవర్లు. వాళ్లలో నాకు ఒక్క ఆడమనిషీ కనబడలేదు. ఊరికి ఉపాధి అంటున్నప్పుడు ఊళ్లో ఎవరికి అని అడగడం మన సంఘాల అలవాటు కావాలి.

చట్టం ఏం చెబుతోందంటే, చాలానే చెబుతోంది, కానీ ప్రతిసారీ ఒక సందు వదిలి చెబుతోంది. 1957 గనుల చట్టంలో గరుసు 'చిన్న ఖనిజం'. చిన్నది కాబట్టి నియమాలన్నీ రాష్ట్రానికి వదిలేశారు. అయిదు హెక్టార్లలోపు లీజుకైనా పర్యావరణ అనుమతి ఉండాలని 2012 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. సరే, అనుమతి వచ్చింది. కానీ విడిగా ఉన్న అంత చిన్న లీజుకు బహిరంగ విచారణ అక్కరలేదు. అంటే ఆ ఊరి ఆడవాళ్లు నిలబడి మాట్లాడగల ఒకే ఒక చోటు మాయమైంది. 2020 మార్చిలో కేంద్రం మరో మెట్టు దిగింది. రోడ్లు, పైపులైన్ల వంటి పనులకు మామూలు మట్టి తవ్వుకుంటే అసలు అనుమతే వద్దంది. ఎంత మట్టి, ఎక్కడి నుంచి అన్న ప్రశ్న లేదు. నాలుగేళ్ల తర్వాత, 2024 మార్చిలో, సుప్రీంకోర్టు ఆ మినహాయింపును కొట్టేసింది. ఆ నాలుగేళ్లలో దేశమంతా తవ్విన మట్టి వెనక్కి రాదు. కాగితంలో మామూలు మట్టి అని రాసి టిప్పరులో గరుసు వేసుకుపోతే చెక్‌పోస్టు దగ్గర తేడా చూసేదెవరన్నది వేరే ప్రశ్న.

అభయారణ్యం సరిహద్దు నుంచి కిలోమీటరు లోపు గనులు కూడదని 2023 ఏప్రిల్‌లో కోర్టు మళ్లీ స్పష్టం చేసింది. మంచిదే. అయితే ఈ సరిహద్దు గీత పక్షికి తెలియదు. దానికి కావలసిన చిట్టడవి కొండ కింద చదునుగా పరుచుకుని, కొంత అభయారణ్యంలో, కొంత బయట రెవెన్యూ భూముల్లో, బంజర్లలో ఉంటుంది. సరిగ్గా గరుసు కూడా అక్కడే ఉంటుంది. 2005లో తెలుగుగంగ కాలువ పనుల కోసం యంత్రాలు ఈ ఆవాసంలోకే దిగాయి. పక్షి శాస్త్రజ్ఞులు గొడవ చేశాక పని ఆగి, కాలువ దారి మార్చవలసి వచ్చింది. ఆపగలం అనడానికి అది రుజువు. కానీ ఆ గొడవలో ఎక్కడా మేకలవాళ్ల గొంతు వినబడలేదని కూడా గుర్తుపెట్టుకోవాలి.

ఇంత రాశాక ఒప్పుకోవలసినవి కూడా ఉన్నాయి. గరుసు ఒక్కటే ఈ చిట్టడవిని తినలేదు. ఉపగ్రహ చిత్రాలు పోల్చి చూసిన ఒక అధ్యయనం ప్రకారం 1991, 2000 మధ్య ఇక్కడి తుప్పనేల పదో వంతుకు పైగా తగ్గింది. అందులో ఎక్కువ భాగం సాగులోకి పోయింది. భూమి లేని వాళ్లకు భూమి కావాలన్న పోరాటం మనది. ఆ పోరాటంలో వచ్చిన డి.కె.టి. పట్టాలూ ఇందులో ఉంటాయి. నేను చూసిన ఒక పట్టా ఆమె పేరున ఉంది, గరుసు ఎత్తుకోవడానికి ఒప్పందం మీద వేలిముద్ర ఆయనది. డబ్బు అప్పుల కిందికి పోయింది. ఇప్పుడు ఆ చేను నడుము లోతు గుంత. ఆమె భూమి గలది అని రికార్డులో ఉంది కాబట్టి మరో పట్టాకు అర్హురాలు కాదు.

రోడ్డు కూడా కావాలి. ఇది దాటవేయలేని మాట. సమావేశం తర్వాత చెట్టు కింద మాట్లాడుకుంటున్నప్పుడు ఒక యువతి నాతో వాదించింది. "మీరు కారులో వచ్చి గరుసు వద్దంటారక్కా. నాకు నొప్పులొచ్చిన రాత్రి 108 ఊరి బయట్నే నిలబడింది. నన్ను మంచం మీద మోసుకపోయినారు," అంది. ఆమెకు జవాబు చెప్పకుండా పక్షిని కాపాడే హక్కు నాకు లేదు. ఆమె ఊరి రోడ్డుకు కావలసిన గరుసు ఎన్ని ట్రిప్పులు? అక్కడి నుంచి నిజంగా పోతున్నది ఎన్ని? పోతున్నదాంట్లో ఆమె ఊరికి ఎంత, పట్నం పక్క ప్లాట్లకు ఎంత? ఈ మూడు అంకెలు ఒక కాగితం మీద పక్కపక్కన పెట్టమని అడిగితే, అది లేదన్నారు. ఇరవై రకాల రిటర్నులు నింపించే ప్రభుత్వానికి ఈ కాగితం ఎందుకు లేదో ఊహించడం కష్టం కాదు.

స్త్రీలు ప్రకృతికి దగ్గరివాళ్లు, పక్షికీ ఆడదానికీ ఏదో రహస్య బంధం ఉంది వంటి మాటలతో నాకు పేచీ ఉంది. బీనా అగర్వాల్ 1992లోనే ఈ ధోరణిని సరిగ్గా ప్రశ్నించారు. ఆడవాళ్లకు అడవితో ఉన్నది శ్రమ సంబంధం, ఆస్తి లేకపోవడం వల్ల ఏర్పడిన సంబంధం. కట్టెలమోపు మోయడం గొప్ప అనుభవమని మోయనివాళ్లే అంటారు. 1999లో దీపం పథకం, 2016లో ఉజ్వల వచ్చాయి. మోపు తగ్గితే నాకు సంతోషమే. కానీ గమనించండి: మోపులూ మేకలూ తగ్గి, తుప్పలు మూసుకుపోతే పక్షికి నష్టం. అప్పుడు ఆ కంపను పలచన చేసే పని ఎవరో ఒకరు చేయాలి. అదే పని, అదే కొడవలి. ఇన్నాళ్లూ నేరమైనదాన్ని ఇప్పుడు కూలి ఇచ్చి చేయించాలి. ఆ కూలి వాళ్లకే రావాలి.

కంచె వేసి అందరినీ బయటికి పంపితే పక్షి బాగుంటుందనే మిత్రులు భరత్‌పూర్‌ను గుర్తు తెచ్చుకోవాలి. 1982లో అక్కడి కేవలాదేవ్ పార్కులో పశువుల మేత నిషేధించారు. ఎదురు తిరిగిన గ్రామస్తుల మీద పోలీసులు కాల్పులు జరిపారు, మనుషులు చనిపోయారు. ఆ తర్వాత ఏళ్ల తరబడి సాగిన అధ్యయనంలో తేలిందేమిటంటే, బర్రెలు మేయకపోవడంతో గడ్డి నీటిని కమ్మేసి పక్షులకే చోటు లేకుండా పోతోందని. ఆ అధ్యయనం చేసింది ఉద్యమకారులు కాదు, బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ. చనిపోయినవాళ్లు పక్షుల శత్రువులుగానే చనిపోయారు.

అందుకని 'సమతుల్యత' అంటే నేను ఒప్పుకోను. ఆ తక్కెడలో ఒక పక్క గరుసు, ఇంకో పక్క పక్షి. ఆ నేల మీద నడిచే మనిషి ఏ పక్కా లేదు, తూచేవాళ్లలోనూ లేదు. 'ఒత్తిడి' అన్న పేరుతో అడుగున ఎక్కడో ఉంది. సంస్థల్లో పనిచేసే మనం ఈ సమావేశాలకు ఆడవాళ్లను సమీకరించి ఇచ్చే కాంట్రాక్టర్లం అయిపోతున్నాం. హాజరు పట్టీలో నలభై సంతకాలు, తీర్మానంలో 'మహిళల భాగస్వామ్యంతో' అనే ముక్క. అంతటితో మన పని అయిపోతుంది.

మనం అడగవలసింది ఇప్పటికే చట్టంలో ఉంది. 2006 అటవీ హక్కుల చట్టం మేతను హక్కు అంది, తుప్పకట్టెను చిన్న అటవీ ఉత్పత్తి అంది, ఉమ్మడి అడవిని కాపాడుకునే అధికారం గ్రామసభకు ఇచ్చింది, హక్కుల కమిటీలో మూడో వంతు స్త్రీలుండాలంది. గిరిజనేతరులకు అది మూడు తరాల నివాసం రుజువు అడుగుతుంది. అది చాలామందికి పెద్ద అడ్డంకి, అయినా దరఖాస్తు పెట్టడం కూడా మొదలుకాని ఊళ్లే ఎక్కువ. వన్యప్రాణి చట్టం 29వ సెక్షన్ సైతం అనుమతి ఉన్న మేతను నేరంగా చూడదు. 2015 సవరణతో వచ్చిన జిల్లా ఖనిజ నిధి ఉంది. తవ్వినవాళ్లు కట్టిన సొమ్ములో మహిళా శిశు సంక్షేమం ప్రాధాన్యాల్లో ఒకటి. ఆ సొమ్ముతో గుంతలు పూడ్చమనీ, కంప పలచన చేసే పనికి కూలి ఇమ్మనీ ఎందుకు అడగకూడదు? పక్షి తిరిగే తుప్పనేల అభయారణ్యం లోపలున్నా బయటున్నా, దాన్ని ముందు గుర్తించి, అక్కడ లీజు ఇవ్వకూడదు. ఊరి రోడ్డుకు ఇప్పటికే తెరిచిన క్వారీ నుంచి తెచ్చుకోవచ్చు. దూరం పెరిగి ఖర్చు పెరిగితే ఆ ఖర్చు రోడ్డు అంచనాలో చూపాలి, మేకలవాళ్ల మీద వేయకూడదు.

ఆ హాల్లో ప్రశ్న అడిగినామెను తర్వాత కలిశాను. పక్షిని ఎప్పుడైనా చూశావా అని అడిగాను. "మేము సూసింటిమో లేదో గానీ అదైతే కంప కిందినుంచి మమ్మల్ని దినామూ సూసింటాది," అని నవ్వింది. గరుసు ఎత్తిన చోట్లు ఎక్కడెక్కడున్నాయో తెలుసా అంటే, లేచి నడవడం మొదలుపెట్టింది. ఆ మధ్యాహ్నం నలుగురు ఆడవాళ్లు బడి వరండాలో సుద్దముక్కతో పటం గీశారు. మేకల దారి, కలివి ఎక్కువున్న చోటు, వంక, గుంతలు. ఏ గుంత ఏ లీజులోదో, ఏది లీజే లేనిదో కూడా వాళ్లకు తెలుసు.

సమావేశం తీర్మానం ముసాయిదా నాకు సంతకానికి వచ్చింది. 'స్థానిక జనాభా ఒత్తిడి' అన్న మాట తీసేయమనీ, గుంతల పటం జతచేయమనీ, నా పేరు స్థానంలో ఆ ఊరి స్త్రీల పేర్లు ఉండాలనీ రాసి వెనక్కి పంపాను. జవాబు ఇంకా రాలేదు. రెండో సమావేశం వచ్చే నెల ఉందట. ఈసారి టిఫిన్లు వద్దని, ముందు వరుసలో కుర్చీలు వేయించమని వాళ్లు కబురు పంపారు.